లైన్ కోచ్ కాబోతున్న అల్లుడికి

చిరంజీవి అల్లుడికి,

మావయ్య ఆశీస్సులు.

మొన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి గంటసేపు మాట్లాడింది. అందులో యాభై నిమిషాలు నీ గురించే. ఇంజినీరింగ్ డిగ్రీని అటకెక్కించి, ఏదో కాలేజీలో అమెరికన్ ఫుట్‌బాల్ కోచ్‌ల వెనకాల కాగితాలు మోసే పనిలో చేరావట. వచ్చే డబ్బు గది అద్దెకీ తిండికీ సరిపోతుందో లేదోనని ఆవిడకి ఒకటే టెన్షన్. "అన్నయ్యా, వాడికి ఈ పిచ్చి అంటించింది నువ్వే, నువ్వే వదిలించు" అంది. వదిలించడం నా వల్ల కాదని చెప్పేశాను. అంటించింది మాత్రం నేనే, ఒప్పుకుంటాను. పన్నెండేళ్ల పిల్లాడివి, 2012 వేసవిలో నిన్ను ఫాక్స్‌బరోలో పేట్రియట్స్ జట్టు ప్రాక్టీసుకి తీసుకెళ్లి ఎండలో కూర్చోబెట్టింది నేనే కదా.

నీ మెసేజ్ కూడా చూశాను. "గ్రాడ్యుయేట్ అసిస్టెంట్‌గా తీసుకున్నారు మావయ్యా, ఆఫెన్సివ్ లైన్ కోచ్ కింద వేశారు. హెడ్ కోచ్ అవ్వాలంటే ఎన్నేళ్లు పడుతుంది?" అని అడిగావు. మెసేజ్‌లో తేలే సంగతి కాదది, అందుకే ఈ ఉత్తరం. మీ అమ్మ పట్టుబట్టి నీకు తెలుగు చదవడం నేర్పినందుకు ఇన్నాళ్లకి నాకు లాభం దొరికింది.

లైన్ కోచ్ పనిని, అంటే బంతి విసిరేవాడి ముందు అడ్డుగోడలా నిలబడే ఐదుగురికి నేర్పే పనిని, నువ్వు విజయవాడ జంక్షన్‌లా చూస్తున్నావు. దిగాలి, టీ తాగాలి, ఇంకో బండి ఎక్కి వెళ్లిపోవాలి. కానీ విజయవాడలో ఇల్లు కట్టుకుని బతికేవాళ్లు కూడా ఉంటారురా. వాళ్లలో ఒకాయన్ని నీకు ఆ రోజే చూపించాను. ప్రాక్టీసు చూడ్డానికి వచ్చిన జనమంతా టామ్ బ్రేడీ విసిరే బంతుల వైపే చూస్తుంటే నీ తల పట్టుకుని అవతలి మూలకి తిప్పాను, గుర్తుందా? అక్కడ మూడేసి వందల పౌండ్ల మనుషులు, వాళ్ల మధ్య తలనెరిసిన ఒక పెద్దమనిషి. బంతి లేదు, చప్పట్లు లేవు. ఒకే అడుగు మళ్లీ మళ్లీ వేయిస్తున్నాడు. నువ్వు పది నిమిషాలకే ఐస్‌క్రీం కావాలన్నావు. ఆయనే డాంటే స్కార్నెకియా.

ఆయన కథ నీకు తెలిసింది సగమే అయ్యుంటుంది. 1948లో లాస్ ఏంజెలెస్‌లో పుట్టాడు. చదువుకున్న కాలిఫోర్నియా వెస్టర్న్ అనే చిన్న కాలేజీలోనే 1970లో కోచింగ్ మొదలుపెట్టాడు. తర్వాత అయోవా స్టేట్, టెక్సాస్‌లో సదరన్ మెథడిస్ట్, కాలిఫోర్నియాలో పసిఫిక్, ఆపైన నార్తర్న్ అరిజోనా, తిరిగి సదరన్ మెథడిస్ట్. పన్నెండు సీజన్లలో ఆరు మకాములు. ఈ ముక్క మీ అమ్మకి చదివి వినిపించకు.

1982లో గానీ ఎన్ఎఫ్ఎల్ (ఇక్కడి ప్రొఫెషనల్ లీగ్) గుమ్మం తొక్కలేదు. అదైనా సదరన్ మెథడిస్ట్ హెడ్ కోచ్ రాన్ మేయర్‌ని పేట్రియట్స్ తీసుకుంటే ఆయన ఇతన్ని వెంటబెట్టుకు వచ్చాడు గనక. 1989లో రెండేళ్లు ఇండియానాపొలిస్ కోల్ట్స్‌కి వెళ్లినప్పుడు కూడా అక్కడ హెడ్ కోచ్ ఆ మేయరే. ఈ వృత్తిలో దరఖాస్తు ఫారాలతో ఉద్యోగాలు రావు. నీతో పనిచేసినవాడు ఇంకో ఊరికి వెళ్తూ నిన్ను తలుచుకోవాలి. ఇప్పుడు నీ పక్క కుర్చీలో కూర్చుని నీలాగే కళ్లు ఎర్రబడేదాకా వీడియోలు చూసే కుర్రాడు పదేళ్ల తర్వాత నీకు ఫోన్ చేసేవాడు కావచ్చు. వాడి కాఫీ నువ్వు తాగేయకు.

ఫాక్స్‌బరోలో ఆయన పైన ఎంతమంది హెడ్ కోచ్‌లు మారారో లెక్కపెట్టు. మేయర్, రేమండ్ బెర్రీ, డిక్ మెక్‌ఫెర్సన్, బిల్ పార్సెల్స్, పీట్ కారల్, బిల్ బెలిచిక్. హెడ్ కోచ్ మారితే కింద ఉన్న కోచ్‌లంతా సాధారణంగా పెట్టె సర్దుకోవాల్సిందే. సీజన్ ముగిసిన మర్నాటి సోమవారాన్ని ఇక్కడ బ్లాక్ మండే అని ఊరికే అనరు. అలాంటిది ఈయన పేట్రియట్స్‌లోనే 34 సీజన్లు ఉన్నాడు. ఎలా అంటే, ఏ పని చెబితే ఆ పని చేశాడు. మొదట్లో స్పెషల్ టీమ్స్ (బంతిని కాలితో తన్నే ఆటలు), టైట్ ఎండ్స్ (లైన్ చివర నిలబడేవాళ్లు). పార్సెల్స్ వచ్చాక రెండేళ్లు ప్రత్యేక సహాయకుడు, మరో రెండేళ్లు డిఫెన్స్ వైపు. కారల్ రోజుల్లో మళ్లీ స్పెషల్ టీమ్స్. ఫాక్స్‌బరోలో ఆఫెన్సివ్ లైన్ ఆయన చేతికి వచ్చింది 1999లో. అప్పటికి ఆయన వయసు 51. మనం ఇవాళ ఆయన్ని ఏ పనికి తలుచుకుంటున్నామో ఆ పని అక్కడ మొదలైంది యాభై దాటాక. నువ్వేమో ఇరవై నాలుగేళ్లకే ఎన్నేళ్లు పడుతుందని అడుగుతున్నావు.

1992లో మెక్‌ఫెర్సన్ జబ్బుపడితే కొన్ని మ్యాచ్‌లకి జట్టుని నడిపిందీ ఈయనే. ఆ ఏడు జట్టు గెలిచినవి రెండు, ఓడినవి 14. హెడ్ కోచ్ కుర్చీ రుచి ఆయనకి బొత్తిగా తెలియదనుకోవద్దు. ఆ తర్వాత మళ్లీ తన మూలకి తను వెళ్లిపోయాడు.

ఇక పని సంగతి. నేను ఏమంత గొప్ప కోచ్‌నని నీకు చెప్పడం? హైస్కూల్లో లెక్కల మాస్టార్ని, సాయంత్రాలు లైన్ కోచ్‌ని. నన్ను మైదానంలోకి పిలిచిన హెడ్ కోచ్‌కి నేను తెనాలిలో కబడ్డీ ఆడినవాణ్నని తెలియదు. లెక్కలు వచ్చుగా, మ్యాచ్‌లో ఏ ఆట ఎన్ని గజాలిచ్చిందో రాసిపెట్టు అని కాగితాల అట్ట చేతికిచ్చాడు. రెండు వారాలు రాశాక నా కళ్లు బంతి మీద కాక ముందు వరసలో వంగిన ఐదుగురి కాళ్ల మీద ఆగిపోయాయి. ఇది మన ఆటేరా అనిపించింది. నడుము కిందకి ఉంచినవాడు గెలుస్తాడు. చేతులు చాచినవాడు దొరికిపోతాడు. పక్కవాడి చెయ్యి వదిలి ముందుకి దూకినవాడు చైను తెంపుతాడు, రెయిడర్ ఆ సందులోంచి జారిపోతాడు.

లైన్‌లోనూ అదే. అవతలి జట్టులో లోపలివాడు బయటికీ బయటివాడు లోపలికీ దాటుకుని వచ్చే ఎత్తుని స్టంట్ అంటారు, నీకు తెలిసిందే. మన గార్డూ టాకిలూ (లైన్‌లో పక్కపక్కన నిలబడేవాళ్లు) ఒకే లోతులో వెనక్కి జరుగుతూ ఉంటే ఒకరి మనిషిని ఇంకొకరికి అప్పగించవచ్చు. ఒకడు అడుగు ముందూ ఇంకొకడు అడుగు వెనకా ఉన్నారో, మధ్యలో తలుపు తెరిచినట్టే. బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ దానికి మూల్యం చెల్లిస్తాడు. ఈ సంగతి బోర్డు మీద రెండు నిమిషాల్లో చెప్పెయ్యచ్చు. కాళ్లకి ఎక్కడానికి రెండేళ్లు పడుతుంది.

అందుకని నీ పిల్లలకి మొదటి అడుగు నేర్పు. మొదటి అడుగంటే ఆరంగుళాలే. రెండో అడుగు అవతలివాడు తగిలేలోపు నేల మీద ఉండాలి. చేతులు వాడి ఛాతీ లోపలికి వెళ్లాలి. భుజాల బయట పట్టుకుంటే హోల్డింగ్, పది గజాలు వెనక్కి. నేను ఆగస్టులో మొదటి వారమంతా ఇవే చేయించేవాణ్ని. "కోచ్, ఎప్పుడూ ఇదేనా?" అని పిల్లలు విసుక్కునేవాళ్లు. అవును, ఎప్పుడూ ఇదే. స్కార్నెకియా సూపర్ బౌల్ (లీగ్ ఫైనల్) గెలిచిన ఉంగరాలున్నవాళ్ల చేత కూడా అదే వేయించేవాడు, నువ్వు ఐస్‌క్రీం అడిగిన రోజు చూశావుగా.

నేను చేసిన తప్పొకటి చెప్తాను. మీ అత్తయ్యకి తప్ప ఎవరికీ పూర్తిగా చెప్పలేదు. ఇక్కడ మాసచూసెట్స్‌లో పక్క ఊరి స్కూలుతో థాంక్స్‌గివింగ్ రోజు పొద్దున్నే మ్యాచ్ ఉంటుంది. ఏడాదంతా ఓడినా అది గెలిస్తే చాలంటారు ఊళ్లో. ఒక ఏడు ఆ వారం సోమవారం రాత్రి అవతలివాళ్ల వీడియో చూస్తూ నాకొక తెలివి పుట్టింది. వాళ్ల స్టంట్లకి విరుగుడుగా క్వార్టర్‌బ్యాక్‌ని కాపాడే కొత్త పద్ధతి ఒకటి గీశాను. మంగళ, బుధవారాలు రెండు సాయంత్రాల్లో నేర్పేశాను. పిల్లలు తలలూపారు. గురువారం రెండో క్వార్టర్లో మా లెఫ్ట్ గార్డ్ కొత్త పద్ధతిలో కుడికి తిరిగాడు, లెఫ్ట్ టాకిల్ అలవాటైన పద్ధతిలో ఎడమకి తిరిగాడు. మధ్యలోంచి వచ్చినవాడు మా క్వార్టర్‌బ్యాక్ వీపు మీద పడ్డాడు. ఆ కుర్రాడు రెండు నిమిషాలు లేవలేదు. దేవుడి దయవల్ల పెద్ద దెబ్బేం కాదు. మ్యాచ్ పోయింది, అదలా ఉంచు. ఆ టాకిల్ కుర్రాడు నా దగ్గరికొచ్చి మూడుసార్లు సారీ చెప్పాడు. నేను "పర్లేదులే" అన్నాను. చూశావా నా తెలివి? తప్పు నాది, క్షమించినట్టు మాట్లాడింది నేను. ఆ రాత్రి నిద్రపట్టలేదు. మర్నాడు వాళ్లింటికి వెళ్లి, వాళ్ల నాన్న ముందే ఆ పిల్లాడికి చెప్పాను: నీ కాళ్లు ఆగస్టులో నేర్పిందే చేశాయి, నవంబరులో మాట మార్చింది నేను.

అప్పటినుంచి మ్యాచ్ వారంలో కొత్తది ఒక్కటంటే ఒక్కటే చేర్చేవాణ్ని. అది కూడా పాత అడుగులతోనే చెయ్యగలిగేదైతేనే. నీకు కాలేజీలో పిల్లలు వారానికి 20 గంటలే దొరుకుతారు, ఒక రోజు సెలవు తప్పనిసరి. అందులో మీటింగులూ వెయిట్లూ తీసేస్తే లైన్‌కి మిగిలేది ఎంతో నువ్వే లెక్కేసుకో. ఆ మిగిలినదాంట్లో నీ తెలివితేటలు చూపించుకోవాలనుకోకు.

నీ ఇప్పటి పని స్కౌట్ కార్డులు గీయడం కదా. దాన్ని చిన్నచూపు చూడకు. అవతలి డిఫెన్స్ ఎక్కడ నిలబడుతుందో నువ్వు గీసిన బొమ్మ చూసే మీ రెండో జట్టు నిలబడుతుంది, దాన్ని చూసే మీ లైన్ ప్రాక్టీసు చేస్తుంది. అవతలివాడు లైన్ నడిమి మనిషి సెంటర్ ముక్కుకి ఎదురుగా ఉంటే జీరో, గార్డ్ బయటి భుజం మీద త్రీ, టాకిల్ బయటి భుజం మీద ఫైవ్. నువ్వు నిద్రమత్తులో త్రీ బదులు గార్డ్‌కి నేరుగా ఎదురు టూ వేశావనుకో, శనివారం దాకా మీ వాళ్లు లేని మనిషిని ఆపడం నేర్చుకుంటారు. ఆ వారం మొత్తానికి పునాది నీ పెన్సిలే.

వీడియో చూసేటప్పుడు ఒక్కో ఆటని ఐదుసార్లు చూడు, ఒక్కోసారి ఒక్క మనిషినే. ఫలితం బట్టి మార్కులు వెయ్యకు. అడుగు తప్పు వేసి కూడా బలంతో నెట్టేసినవాడికి మైనస్సే వెయ్యాలి. వాడు గొడవ పడతాడు, పడనీ. వాడికంటే బలమైనవాడు ఎదురైన రోజు నువ్వు వేసిన మైనస్ గుర్తొస్తుంది.

మనుషుల్ని చూడటం గురించి ఒక సంగతి. స్టీఫెన్ నీల్ అని ఒకడుండేవాడు. కాలేజీలో ఫుట్‌బాల్ ఆడనేలేదు. కుస్తీ వస్తాదు, 1999లో ప్రపంచ ఛాంపియన్. ఆ ఏడు కాలేజీ ఫైనల్లో వాడు ఓడించింది బ్రాక్ లెస్నర్‌ని, నువ్వు టీవీలో చూసి గంతులేసేవాడివే, ఆ లెస్నర్‌ని! పేట్రియట్స్ అతన్ని తెచ్చి స్కార్నెకియా చేతిలో పెట్టారు. ఎక్కడ నిలబడాలో కూడా తెలియనివాడు గార్డ్‌గా కుదురుకుని 2010 దాకా ఆడాడు. అక్కడ జరిగిన గారడీ ఏమీ లేదు. కుస్తీవాడికి నడుమూ చేతులూ ముందే వచ్చు. మిగతాది ఓపిగ్గా కలపాలి, అంతే. నీ దగ్గరకీ ఎవడో బాస్కెట్‌బాల్ ఆడి వచ్చినవాడో, గోడౌన్లో మూటలు మోసి వచ్చినవాడో తగులుతాడు. వాడికి రానిదాని జాబితా రాయకముందు వచ్చినదాని జాబితా రాసుకో.

మరి ఇంత చేస్తే ఫలితమేమిటంటావా? ట్రెంట్ బ్రౌన్ సంగతి విను. 2015 డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు కొత్త ఆటగాళ్లని వరసగా ఎంచుకునేచోట, ఏడో రౌండ్ మనిషి, అంటే చివరి వరస. 2018లో పేట్రియట్స్‌కి వచ్చి ఒక్క సీజన్ లెఫ్ట్ టాకిల్ ఆడాడు. మరుసటి వసంతంలో రెయిడర్స్ జట్టువాళ్లు అతనికి నాలుగేళ్లకి 6 కోట్ల 60 లక్షల డాలర్ల కాంట్రాక్ట్ ఇచ్చారు. కోచ్‌కి అందులో ఒక్క సెంటు రాదు. ఆయన వేసవిలో ఇంకో కొత్త మనిషిని నిలబెట్టి మళ్లీ ఆరంగుళాల అడుగు దగ్గర మొదలుపెట్టాడు. ఇది నీకు ఒంటికి పడుతుందో లేదో ఇప్పుడే చూసుకో. పడకపోతే మీ అమ్మ చెప్పిన ఉద్యోగంలో చేరిపో, నేనేమీ అనుకోను.

ఓటములు కూడా ఉన్నాయి. 2007 సీజన్లో పేట్రియట్స్ వరసగా 18 గెలిచి సూపర్ బౌల్‌కి వెళ్లారు. న్యూయార్క్ జెయింట్స్ వాళ్ల ముందు వరస ఆ రాత్రి బ్రేడీని ఐదుసార్లు కింద పడేసింది. 17–14తో పోయింది. లైన్ కోచ్ పేరు అందరూ వెతికేది అలాంటి రాత్రే. గెలిచిన రోజు ఎవరూ అడగరు. నేను మా ఇంట్లో సోఫాలో కూర్చుని కూడా ఆయన మొహం కోసమే చూశాను, కెమెరా అటు తిప్పలేదు.

2013 సీజన్ అయ్యాక ఆయన రిటైర్ అయ్యాడు. రెండేళ్లు గడిచాయి. 2016 జనవరిలో డెన్వర్‌లో జరిగిన మ్యాచ్‌లో బ్రేడీకి 20 దెబ్బలు తగిలాయి, 20–18తో ఓడి సూపర్ బౌల్‌కి వెళ్లే అవకాశం పోగొట్టుకున్నారు. ఆ తర్వాత కొన్ని వారాలకే స్కార్నెకియాని మళ్లీ పిలిచారు. 68 ఏళ్ల వయసులో మైదానంలోకి దిగాడు. ఆ మొదటి సీజన్లోనే సూపర్ బౌల్ గెలిచారు. 2018 సీజన్ చివర మూడు ప్లేఆఫ్ మ్యాచ్‌లు ఆడితే, మూడింట్లో కలిపి బ్రేడీని అవతలివాళ్లు పడేసింది ఒక్కసారి. ఆ ఆఖరి మ్యాచ్‌లో ఎదుట ఉన్నది రామ్స్ జట్టు డిఫెన్స్‌లో పేరుమోసిన ఆరన్ డోనాల్డ్. ఆ మూడు మ్యాచ్‌లూ దొరికితే బంతిని చూడకుండా చూడు. అంతకంటే మంచి పాఠం నా దగ్గర లేదు. 2020 జనవరిలో రెండోసారి రిటైరయ్యాడు. ఎన్ఎఫ్ఎల్‌లో 36 సీజన్లు, ఐదు సూపర్ బౌల్ విజయాలు. పేట్రియట్స్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో 2023లో చేర్చుకున్నారు.

హెడ్ కోచ్ అవ్వాలనుకోవడం తప్పనడం లేదు. బిల్ కాలహాన్‌ని చూడు. ఓక్‌లాండ్ రెయిడర్స్ హెడ్ కోచ్‌గా మొదటి ఏడే సూపర్ బౌల్‌కి తీసుకెళ్లాడు. తర్వాత ఆ కుర్చీ పోయింది. మళ్లీ లైన్ కోచ్‌గా వచ్చి జెట్స్, కౌబాయ్స్, వాషింగ్టన్, బ్రౌన్స్‌లో చేశాడు. 2024లో టెనెసీ టైటన్స్‌కి ఆయన కొడుకు హెడ్ కోచ్ అయితే, తండ్రి కొడుకు కింద లైన్ కోచ్‌గా చేరాడు. మన ఇళ్లల్లో ఏ తండ్రి ఒప్పుకుంటాడురా! నాకు మాత్రం ఆయన మీద గౌరవం పెరిగింది. కుర్చీ కంటే లైన్ మీద ఎక్కువ ఇష్టం ఉన్నవాడు గనక వెళ్లగలిగాడు.

ఇంటి సంగతి కూడా చెప్పాలి. సీజన్లో నీకు పండగలుండవు. దసరా, దీపావళి రెండూ సరిగ్గా మ్యాచ్‌ల మధ్యలో వస్తాయి. నేను హైస్కూలు కోచ్‌ని మాత్రమే, అయినా మీ అత్తయ్య పద్దెనిమిది దీపావళులు పిల్లలతో ఒక్కతే దీపాలు పెట్టింది. ఆవిడ లెక్క పెట్టి మరీ చెప్తుంది. నీ ఉద్యోగంలో అయితే ఊళ్లకి ఊళ్లే మారాలి. పెళ్లి మాట వచ్చినప్పుడు ఆ అమ్మాయికి ఇది ముందే చెప్పు, మెత్తగా కాదు, ఉన్నదున్నట్టు. మ్యాచ్ మర్నాడు వీడియోలతోనే తెల్లారుతుంది గనక అమ్మకి ఆదివారం ఫోన్ చేస్తానని మాటివ్వకు, తప్పుతావు. సోమవారం మీ పిల్లలకి సెలవైతే ఆ రోజు చెయ్యి. ఏం తిన్నావో చెప్పు చాలు, గెలిచారో ఓడారో ఆవిడకి అక్కర్లేదు.

కొంచెం డబ్బు పంపిస్తున్నాను, వద్దనకు. మంచి బూట్లు కొనుక్కో. రోజంతా గడ్డి మీద నిలబడేవాడికి మడమలు పోతాయి, నావి పోయాయి.

మీ రెండో జట్టు లెఫ్ట్ గార్డ్ గురించి రాశావు కదా, ఎంత చెప్పినా కుడివైపు వాలిపోతున్నాడని. వాడి వీడియో వెనక నుంచి తీసి పంపు, ముందు నుంచి వద్దు. నా అనుమానం వాడి ఎడమ మడమ నేల మీద ఆనడం లేదని. చూసి చెప్తాను.

ఇట్లు,
మీ మావయ్య